నిలువెత్తు

మా తమ్ముడు పోయి వారం తిరక్కుండానే నేను ఆఫీసుకి వెళ్ళిపోయాను. మా పిన్ని ముక్కున వేలేసుకుంది. కంట చుక్క నీళ్ళు లేవు, ఒక్క పూట మంచం ఎక్కింది లేదు, ఇదేం మనిషో అని పక్కగదిలో అనడం నాకు వినిపిస్తూనే ఉంది. నాకు వినిపించాలనే అంది లెండి. మామూలుగా అయితే ఒంటికాలి మీద లేచేదాన్ని. నా కోపం సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆఫీసులో ఇంకా బాగా తెలుసు. కానీ ఆ రోజు చీమ కుట్టినట్టయినా లేదు. చెప్పులేసుకుని, బ్యాగు తగిలించుకుని బస్సెక్కాను.

వాడు కూలిపోయింది కూడా ఆ బస్టాపులోనే. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. నలభై కూడా నిండలేదు. మా ఇద్దరిదీ ఒకే ఆఫీసు, అయినా కలిసి వెళ్ళేవాళ్ళం కాదు. వాడు బాత్‌రూములో దూరాడంటే ఇక ఈ లోకంలోకి రాడు, నాకేమో ఆగే ఓపిక లేదు. ఆ పొద్దున కూడా తలుపు మీద రెండు బాది, నేను పోతున్నా, నువ్వు నీళ్ళలోనే కాపురం పెట్టుకో అని అరిచి వెళ్ళిపోయాను. వాడితో నేనన్న ఆఖరి మాట అదే. దాన్ని తలుచుకుని ఎవరైనా ఏడుస్తారు. నేనూ తలుచుకున్నాను. ఏడుపు రాలేదు. మళ్ళీ తలుచుకున్నాను, మళ్ళీ రాలేదు. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తే పెదవి ఎలా ఉంటుంది? నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది, నొప్పి తెలియదు. మొత్తం మనిషిని అలా అయిపోయాను.

ఇంట్లో వాడి పేరు పొట్టోడు. అమ్మ, నేను తప్ప ఇంకెవరన్నా ఆ మాటంటే మూతి ముడుచుకునేవాడు. నేను మా నాన్న పోలిక, తాటిచెట్టులా పెరిగాను. వాడు అమ్మ పోలిక. నా చెవి దాకా కూడా రాడు. బడి రోజుల నుంచీ వాడి భుజం మీద మోచెయ్యి ఆనించి నిలబడటం నాకు సరదా. వాడేమో తోసేసేవాడు, నేను మళ్ళీ ఆనించేదాన్ని. ముప్పై దాటాక కూడా లిఫ్టులో ఇదే గొడవ.

ఎత్తు దగ్గర వాడికి ఒకే ఒక్క అబద్ధం ఉండేది. ఎవరడిగినా అయిదడుగుల అయిదంగుళాలు అనేవాడు. అందులో మూడంగుళాలు వాడి సొంతం. మిగతా ఏ విషయంలో అబద్ధమాడినా చెవులు ఎర్రబడి దొరికిపోయేవాడు, ఈ ఒక్కటి మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు. వాడి అసలు ఎత్తు నాకు తెలుసు, అమ్మకి తెలుసు, ప్యాంట్లు కుట్టే టైలరుకి తెలుసు. మేం ముగ్గురం నోరు మెదిపేవాళ్ళం కాదు.

ఫోటో తీస్తున్నారంటే చాలు, వాడికి ఎక్కడో ఒక ఇటుక దొరికేది. ఇటుక లేకపోతే మెట్టు. మెట్టు లేకపోతే వెనక వరసలో కుర్చీ. అవేవీ లేకపోతే నా పక్కన చేరి, పెదాలు కదపకుండా "అక్కా, వంగు" అనేవాడు. నేను పైకి నవ్వుతూ, లోపల తిట్టుకుంటూ మోకాళ్ళు వంచేదాన్ని. మా ఇంట్లో ఉన్న ఫోటోల్లో సగం నేను కుర్చీలో కూచోబోతూ ఎవరో పిలిస్తే ఆగినట్టు ఉంటాను. అలవాటు ఎంత ముదిరిందంటే, వాడు పక్కన ఉండి కెమెరా కనబడితే వాడు అడక్కముందే నా మోకాళ్ళు వంగిపోయేవి.

అందుకే అమ్మకి ఆ చిక్కొచ్చింది. వాడి నిలువెత్తు ఫోటో ఒకటి హాల్లో పెట్టుకోవాలని ఆవిడ కోరిక. పాదాల దగ్గర్నుంచి తల దాకా, పూర్తిగా, ఒక్కడే. నా ఫోనులో వెతికాం, వాడి ఫోనులో వెతికాం, చుట్టాల్ని అడిగాం. ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నిట్లో నడుం దాకానే ఉన్నాడు, లేకపోతే కాళ్ళు కనబడకుండా ఎవరి వెనకో ఉన్నాడు. ఇటుక కనబడుతుందని వాడే కింద కత్తిరించి పంపేవాడు మరి. ఇంతకాలం బతికినవాడు ఒక్కసారైనా సరిగ్గా నిలబడలేదా అని అమ్మ రోజూ అడిగేది. చూస్తానమ్మా అని ఆఫీసుకి పోయేదాన్ని.

మాది బిల్డింగులు గీసే ఆఫీసు. దాని యజమాని అరవై దాటిన ఆర్కిటెక్టు, వెనకాల అందరం పెద్దాయన అంటాం. నేనూ ఆర్కిటెక్టునే. బిల్డింగు లోపలి మెట్లు, లిఫ్టులు, గదులు, బాత్‌రూములు నా వంతు. బయటి మొహం పెద్దాయన వంతు. ఆయన పెన్సిలుతో గీసిపడేసిన దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, కొలతలన్నీ వేసి, కట్టేవాళ్ళకి అర్థమయ్యేలా తయారు చేయడం పొట్టోడి పని. వాడు డ్రాఫ్ట్స్‌మన్. గీత దగ్గర వాడంత పట్టుదల మనిషిని నేను చూళ్ళేదు. గోడ మందం వెంట్రుకవాసి తేడా వచ్చినా పడుకోడు. నన్ను పడుకోనివ్వడు.

పెద్దాయనకి ఒక పద్ధతుంది. ఖాళీ కాయితం మీద ఒక్క గీత గీసే ముందు "మనిషిని పెట్టు" అంటాడు. అంటే, నేల గీత మీద ముందు ఒక మనిషి బొమ్మ నిలబెట్టాలి. ఆ తర్వాత అన్నీ ఆ బొమ్మని చూసే. గుమ్మం వీడికి రెండింతలు ఉండాలి, బల్ల వీడి మోచెయ్యి దగ్గరకి రావాలి, కిటికీ వీడి మొల దగ్గర మొదలవ్వాలి, ఇలా. నోట్లోంచి ఒక్క అంకె రాదు. ఒకప్పుడు ఆ బొమ్మల్ని ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పెట్టేవాళ్ళం. అందరూ పొడుగు కాళ్ళవాళ్ళు, చేతిలో పెట్టెలు, ఎక్కడికో పరిగెత్తుతున్నట్టు. పెద్దాయనకి ఒకరోజు చిర్రెత్తి, వీళ్ళని తీసేసి మన మనిషినొకణ్ణి గీయండయ్యా అన్నాడు. అప్పుడు కొత్తగా చేరిన పొట్టోడు తనని తానే గీశాడు. గోడకి దగ్గరగా నిలబడి, దూరం నుంచి దీపం పెట్టించుకుని, గోడ మీద పడిన నీడ చుట్టూ గీత గీయించుకుని, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఒక చెయ్యి జేబులో, ఒక పాదం కాస్త ముందుకి, నెత్తి మీద ఎంత దువ్వినా లేచి నిలబడే నాలుగు వెంట్రుకలు.

ఆ ఫైలు పేరు 'మనిషి'. ఆనాటి నుంచీ మా ఆఫీసు గీసిన ప్రతి బిల్డింగు ముందూ వాడు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడే ఉన్నాడు. అది పొట్టోడి బొమ్మ అని అందరికీ తెలుసు. ఎత్తు మాత్రం మామూలు మనిషి ఎత్తే పెట్టి ఉంటాడని అనుకున్నాం. ఎవరైనా అలాగే పెడతారు. మనిషి పోలిక ఎవరిదైనా కావచ్చు, ఎత్తు అందరికీ సరిపోయేది ఉండాలి కదా. నేనూ అలాగే అనుకున్నాను.

టవరు పని వాడు ఉండగానే మొదలైంది. ఊళ్ళో పెద్ద రోడ్డు మీద ముప్పై అంతస్తుల ఆఫీసు, మొత్తం అద్దాలు. పెద్దాయన దాని గురించి ఒకే ఒక్క మాట చెప్పాడు. కూచుని కూచుని విసుగొచ్చినవాడు లేచి నిలబడితే, ఊరు మొత్తం అడ్డం లేకుండా కనబడాలి. అందుకని ప్రతి అంతస్తులోనూ అద్దాన్ని రెండు ముక్కలు చేశాడు. కింద నేల నుంచి తల దాకా ఒకే పెద్ద అద్దం. దాని పైన అరచెయ్యి వెడల్పు ఇనప అడ్డపట్టీ. పట్టీ పైన ఎండని ఆపే పాలరంగు అద్దం. ఆ పట్టీ మనిషి తల మీదుగా, ఒక పుస్తకం మందం ఎడంతో పోవాలన్నాడు. పొట్టోడు 'మనిషి'ని పెట్టాడు. పెద్దాయన వాడి తల మీదుగా గీత లాగాడు. నేను అక్కడే ఉన్నాను, టీ తాగుతూ.

చిన్న మోడల్ చేసి చూపిస్తే అందరికీ నచ్చింది. అంత పెద్ద టవరయినా మనిషికి దగ్గరగా ఉన్నట్టుందని, మీద పడేలా లేదని అన్నారు. ఎందుకలా ఉందో ఎవరికీ తెలియదు. పెద్దాయన మాత్రం తెలిసినట్టే మొహం పెట్టాడు.

ఎప్పుడూ పెద్దాయన గీతల పక్కన కొలతలు వేసేది పొట్టోడే. ఈసారి ఆ పని మొదలెట్టే లోపే పోయాడు. వాడి కుర్చీలోకి వచ్చినతను, పాపం బుద్ధిమంతుడే, గీత ఎక్కడుంటే అక్కడ కొలిచి ఆ అంకె వేసేశాడు. నేనైనా అదే చేసేదాన్ని.

నెలలు గడిచాయి. ఇంట్లో అమ్మ, ఆఫీసులో టవరు. ఎవరో నన్ను కీ ఇచ్చి వదిలినట్టు తిరుగుతూనే ఉన్నాను. మెట్లు గీశాను, లిఫ్టులు సర్దాను. పెద్దాయన తిట్టినా, మెచ్చుకున్నా నాకు ఒకటే. జీతం పెంచాడు, అది ఇంట్లో చెప్పడం కూడా మర్చిపోయాను. ప్రతి కాయితం మీదా పొట్టోడు నిలబడి ఉండేవాడు. చూసేదాన్ని. వేలితో ముట్టుకుని కూడా చూసేదాన్ని ఒక్కోసారి. ఏమీ లేదు.

టవరు కట్టే ముందు ఒక గది ముక్కని నిజం సైజులో కట్టి చూపిస్తారు. అద్దాల కంపెనీ వాళ్ళు ఊరి చివర తమ షెడ్డు ముందు కట్టారు. ఎత్తుగా ఇనప అరుగు, దాని మీద కొంచెం నేల, పైకప్పు, ముందు అద్దం, అద్దానికి అడ్డంగా ఆ పట్టీ. చూడ్డానికి నలుగురం ఎక్కాం. పెద్దాయన, నేను, అద్దాల ఇంజనీరు, టవరు కట్టించేవాళ్ళ తరఫున వచ్చిన మేనేజరు. ఆ మేనేజరు పొడుగు మనిషి, చొక్కా నలగకుండా జాగ్రత్తగా మెట్లెక్కాడు.

అద్దం దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. తల పైకెత్తాడు. కిందికి దించాడు. మళ్ళీ ఎత్తాడు. గింజల కోసం చూసే కోడిలా మెడ అటూ ఇటూ ఆడిస్తుంటే నాకు ముందు అర్థం కాలేదు. ఈ పట్టీ సరిగ్గా కళ్ళకి అడ్డమొస్తోందేంటండీ అన్నాడు చివరికి. పెద్దాయన వెళ్ళి నిలబడ్డాడు. ఆయనా మెడ చాచాడు. ఇంజనీరు కంగారుగా టేపు తీసి కొలిచి, మీ కాయితంలో ఎంతుందో అంతే పెట్టామండీ అని చూపించాడు. నిజమే, అంతే ఉంది. నేనూ వెళ్ళి నిలబడ్డాను. ఊరు లేదు, ఏం లేదు. కళ్ళ ముందు అరచెయ్యి వెడల్పు ఇనుము. ముప్పై అంతస్తుల్లో ఎక్కడ లేచి నిలబడ్డా ఇంతే.

పట్టీ కింది నుంచి చూద్దామని మోకాళ్ళు వంచాను.

అంతే, మొత్తం కనబడింది. షెడ్డు గోడ, దాని అవతల రోడ్డు, రోడ్డు మీద బస్సు, దూరంగా కొండలు, ఎక్కడా అడ్డం లేకుండా. నా మోకాళ్ళకి ఆ వంపు కొత్తది కాదు. ఎంత వంచాలో వాటికి తెలుసు. ఏళ్ళ తరబడి వంగిన లెక్క అది, ఆ ఎత్తులో ఎవరి కళ్ళుంటాయో నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? పొట్టోడు తనని తాను ఉన్నదున్నట్టు గీసుకున్నాడు. ఇటుక లేదు, మెట్టు లేదు, మూడంగుళాలు లేవు. ఊరందరికీ చెప్పిన అబద్ధాన్ని గీతలో మాత్రం చెప్పలేకపోయాడు. మిగతా బిల్డింగులకి కొలతలు వేసేటప్పుడు ఆ తేడా కలుపుకుంటూ పోయి ఉంటాడు, ఎవరికీ చెప్పకుండా. చెప్తే ఎత్తు బయటపడుతుంది కదా వెధవకి.

నేను వంగే ఉన్నాను. పెద్దాయన ఈలోగా కాయితం పరిచి, స్కేలు పెట్టి బొమ్మని కొలిచాడు. మొహం మారిపోయింది. నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. ఈ బొమ్మ తప్పు గీశాడమ్మా మీవాడు, మామూలు మనిషి కంటే బాగా పొట్టిగా పెట్టాడు. వీళ్ళకి అదే చెప్తాను. డ్రాఫ్ట్స్‌మన్ పొరపాటని, మనిషి ఇప్పుడు లేడని. పోయినవాడికి పోయేదేముంది? ఆఫీసు పరువు నిలబడుతుంది, టవరు మన చేతిలో ఉంటుంది. నువ్వు ఏమీ అనకు, ఊరుకో చాలు.

నేను ఏమీ అనలేదు. ఆయన దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాడు. ఆ మాటకొస్తే నేనూ అలాగే అనుకున్నాను. నెలల తరబడి ఎవరేమన్నా ఊరుకునే ఉన్నాను, ఇది ఇంకొకటి. వాడికి తెలిసేది లేదు, చూసేది లేదు.

పెద్దాయన మేనేజరు దగ్గరకెళ్ళి మొదలెట్టాడు. మా డ్రాఫ్ట్స్‌మన్ ఒకబ్బాయి మనిషి బొమ్మ తప్పు ఎత్తుతో గీశాడండీ, ఆ బొమ్మని నమ్మి మేం గీత లాగాం, పాపం ఆ అబ్బాయి ఈమధ్యే పోయాడు అని. మేనేజరు అయ్యో అన్నాడు. అంటూనే, ఇంత పెద్ద పనికి అలాంటివాణ్ణి ఎలా పెట్టుకున్నారండీ అన్నాడు. పెద్దాయన నిట్టూర్చి నా వైపు చెయ్యి చూపించి, ఈవిడ ఆ అబ్బాయి అక్కే అన్నాడు. నేను తలూపాలి. అంతే నా పని.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్నాళ్ళయిందో అలా ఎక్కి. వాడికి ఇల్లు లేదు, పెళ్ళి లేదు, బ్యాంకులో చెప్పుకునేంత లేదు, అయిదడుగుల మీద మూడో అంగుళం ఎత్తు కూడా లేదు. గీత ఒక్కటే ఉంది వాడికి. ఆ గీత తప్పంటే ఇక మా పొట్టోడు ఏం మిగిలినట్టు?

"తప్పు కాదు," అన్నాను. "వాడి ఎత్తే అంత."

ముగ్గురూ నా వైపు తిరిగారు. అది వాడి బొమ్మ, వాడు తన నీడ మీద గీసుకున్నాడు, ఎంత ఉన్నాడో అంత గీశాడు అని చెప్పాను. నమ్మకపోతే మా టైలర్ని అడగండి అన్నాను. ఆ బొమ్మ ఎత్తెంత అని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు, అడిగితే కాయితం మీద స్కేలు పెడితే తెలిసిపోయేది, ఇప్పుడు పెద్దాయన పెట్టినట్టే అన్నాను. గొంతు పెద్దదైనట్టుంది. కింద షెడ్డులో పనివాళ్ళు తలెత్తి చూశారు.

మేనేజరు పెద్దాయన వైపు చూశాడు. "అంటే ఈ టవరంతా ఒక పొట్టి మనిషి కొలతకి గీశారా?"

పెద్దాయన పరిచిన కాయితం మడిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. భయస్తుడు, అంతే. "గీసింది నేనే," అన్నాడు. "ఆ అబ్బాయి సరిగ్గానే పెట్టాడు. నేను చూసుకోలేదు."

మేనేజరు ఇంకేం పొడిగించలేదు. పట్టీని జానెడు పైకి జరిపి, కొత్తది కట్టి చూపించండి, ఆ ఖర్చు మాత్రం మీది అని చెప్పి, చొక్కా నలగకుండా దిగి వెళ్ళిపోయాడు.

తిరుగు దారిలో కారు పెద్దాయనే నడిపాడు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, నాతో అయిదడుగుల అయిదన్నాడే అన్నాడు. అందరితోనూ అలాగే అనేవాడండీ అన్నాను. నేను నమ్మాను అన్నాడాయన. రోజూ కళ్ళెదురుగా తిరిగే మనిషిని చూసి కూడా నమ్మాడంటే, మా పొట్టోడు ఎంత గట్టిగా చెప్పి ఉంటాడో! నవ్వు రావాల్సిన చోటు. రాలేదు. వచ్చిన కోపం కూడా అప్పటికే దిగిపోయి, మళ్ళీ ఆ పాత మొద్దుతనమే మిగిలింది. ఆఫీసు ముందు దింపుతూ, ఆ బొమ్మ మార్చెయ్యమ్మా, మామూలు ఎత్తుది పెట్టు, నువ్వే చెయ్యి అన్నాడు. సరే అన్నాను. మార్చక తప్పదు, అందులో వాదించడానికేం లేదు. పట్టీ జరగాల్సిందే. వచ్చి ఆ గదుల్లో కూచునేవాళ్ళందరూ మా పొట్టోడంతే ఉండరు.

కంప్యూటరు ముందు కూచుని కొత్త బొమ్మ ఒకటి తయారు చేశాను. పోలికలేం లేని మామూలు మనిషి, మామూలు ఎత్తు, రెండు చేతులూ పక్కన. పాతదాని చోట ఇది పెట్టమన్నాను. అన్ని కాయితాల్లోనూ మార్చమంటావా అని అడిగింది మెషీను. దానికేం తెలుసు పాపం. మార్చే ముందు ఒక్క పని చేశాను. 'మనిషి' ఫైలు తెరిచి, పెద్ద కాయితాలు అచ్చేసే ప్లాటరుకి పంపాను. సైజు అడిగితే అసలు సైజు అన్నాను. ప్లాటరు పాదాల దగ్గర్నుంచి మొదలెట్టి, కిర్రుకిర్రుమంటూ వాణ్ణి మెల్లగా బయటికి తోసింది. బూట్లు, మోకాళ్ళు, జేబులో చెయ్యి, భుజాలు, ఆఖరికి ఆ నాలుగు వెంట్రుకలు. కాయితం చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. తర్వాత అవునని నొక్కాను. తెర మీద టవరు ముందు నిలబడ్డ పొట్టోడు పోయి, ఆ కొత్తాయన వచ్చాడు. నాకేమీ అనిపించలేదు. నిజంగానే అంటున్నాను, ఏమీ లేదు.

బస్సులో చుట్టని చంకలో పెట్టుకుని నిలబడితే వెనకావిడ వీపులో పొడుచుకుంటోందని గొణిగింది. కాస్త తగలనివ్వండమ్మా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

అమ్మ తలుపు తీసి, చుట్ట చూసి, ఆఫీసు ఇంటికి మోసుకొచ్చావా అంది. నేరుగా హాల్లోకి పోయి, గోడ మీది గడియారం తీసేసి, కాయితం విప్పి చుట్టూ టేపు అంటించాను. పాదాలు సరిగ్గా నేలకి ఆనేలా చూసుకున్నాను. వాడి పనికి వాడు పెట్టే శ్రద్ధ నేనూ పెట్టాలి కదా అనుకుని కొలత టేపు తెచ్చి కొలిచాను కూడా. సరిపోయింది.

అమ్మ దగ్గరకొచ్చి, చెయ్యెత్తి, వాడి నెత్తి మీద లేచిన వెంట్రుకల్ని అణచబోయింది. రోజూ పొద్దున వాడు గుమ్మం దాటే ముందు అణిచేది. చెయ్యి ఎక్కడా వెతుక్కోలేదు, నేరుగా అక్కడికే వెళ్ళింది.

"కాస్త పైకి పెట్టవే," అంది.

ఎందుకమ్మా, కొలిచే పెట్టాను, సరిగ్గా ఇంతే ఉంటాడు అన్నాను.

"నాకు తెలీదా ఎంతుంటాడో. వాడికి నచ్చదు. పైకి పెట్టు."

టేపులన్నీ ఊడదీశాను. పాదాల కింద నా చేతి వేళ్ళు పెట్టి, మూడంగుళాలు పైకి జరిపి మళ్ళీ అంటించాను. బూట్లు గాల్లో ఉన్నాయి. అమ్మ రెండడుగులు వెనక్కి వేసి చూసి, ఊఁ అంది, ఇప్పుడు బాగుందన్నట్టు. కొంగుతో మొహం తుడుచుకుని ఫోను తీసింది. ఫోటో తీయడం ఆవిడకి నేర్పింది వాడే. పక్కన నిలబడు, మీ ఇద్దరికీ ఒకటి తీస్తాను అంది.

వెళ్ళి వాడి పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఫోను కళ్ళెదురుగా లేచింది. నా మోకాళ్ళు వాటంతటవే వంగాయి.

"వంగకే," అంది అమ్మ ఫోనులోంచి చూస్తూ. "ఇంకెందుకు వంగడం."

లేచి నిలబడదామని చూశాను. మోకాళ్ళు మాట వినలేదు. వంగినదాన్ని వంగినట్టే గోడ వెంట జారి, వాడి బూట్ల పక్కన నేల మీద కూలబడ్డాను. నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది, అది నాదేనని కాసేపటికి గానీ తెలియలేదు. పొట్టోడా, నీళ్ళలో కాపురం పెట్టుకోమన్నాను రా, అంటూ ఏడ్చాను. అమ్మ ఫోను కింద పడేసి వచ్చి నా పక్కన కూచుంది.

అప్పటికే ఆవిడ వేలు ఫోటో నొక్కేసింది. అందులో వాడి నిలువెత్తు రూపం పడింది, పాదాల దగ్గర్నుంచి తల దాకా. కింద నేను కూలబడి ఉన్నాను. అందులో వాడు నాకంటే పొడుగ్గా ఉన్నాడు.